యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 – ఆగస్టు 8, 1948) భారతదేశానికి చెందిన సుప్రసిద్ధ జీవరసాయన శాస్త్రవేత్త, వైద్యుడు. ఈయన తన పరిశోధనా జీవితమంతా అమెరికాలోనే గడిపాడు. శరీరద్రవాలలోను, కణజాలంలోను భాస్వరం ఎంత ఉన్నదో తెలుసుకొనే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి, కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుగొనడం, ఏటీపీని వేరుచేయడం ఈయన తొలినాటి కృషి. తరువాతి కాలంలో ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, హెట్రజాన్, ఆరియోమైసిన్ వంటి ఔషధాలను వెలువరించిన పరిశోధక బృందాలకు నాయకత్వం వహించాడు.

సుబ్బారావును సాధారణంగా మందుల శాస్త్రవేత్తగానే గుర్తుచేసుకుంటారు. అయితే ఆయనకు పేరు తెచ్చిన మొదటి పని ఒక ఆక్సీకరణ-క్షయకరణ చర్యకు సంబంధించినది. పాఠశాల రసాయనశాస్త్రంలో ఎలక్ట్రాన్ల బదిలీగా చదువుకొనే ఆ చర్య ఆయన చేతిలో కొలబద్ద అయింది. ఆ చర్యలో రంగు రావలసినంత త్వరగా రాకపోవడాన్ని గమనించడం వల్లనే కండరాల శక్తి రహస్యంలో ఒక భాగం బయటపడింది.

బాల్యం, పాఠశాల విద్య

సుబ్బారావు నేటి పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రమైన భీమవరంలో జన్మించాడు. తల్లిదండ్రులు జగన్నాథం, వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఈయన నాలుగవవాడు. తండ్రి రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేసేవాడు. ఆయన అనారోగ్యం వల్ల, తరువాత మరణం వల్ల కుటుంబం ఆర్థికంగా చితికిపోయింది. చిన్నతనంలో సుబ్బారావు కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి సంపాదించాలని ఇల్లు విడిచి బయలుదేరాడనీ, తల్లి వెనుకకు రప్పించి చదువులో పెట్టిందనీ ఆయన జీవితచరిత్రలు చెబుతాయి.

రాజమండ్రిలో చదువుతూ మెట్రిక్యులేషన్ పరీక్షలో తప్పాడు. మూడవ ప్రయత్నంలో మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి ఉత్తీర్ణుడయ్యాడు. ఆ తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివాడు. ఆ రోజులలో రామకృష్ణ మఠం ప్రభావానికి లోనై సన్యాసం స్వీకరించాలనుకున్నాడు. అందుకు తల్లి అంగీకరించలేదు. వైద్యం నేర్చి సేవ చేయవచ్చునన్న ఆలోచనతో మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు.

వైద్య విద్య

వైద్య కళాశాల చదువుకు మిత్రులు, కస్తూరి సూర్యనారాయణమూర్తి ధనసహాయం చేశారు. 1919లో సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరితో సుబ్బారావు వివాహం జరిగింది. విదేశీ వస్తు బహిష్కారానికి గాంధీజీ ఇచ్చిన పిలుపును అనుసరించి శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు దుస్తులతో హాజరయ్యేవాడు. ఇది శస్త్రచికిత్స ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డ్‌కు నచ్చలేదు. వ్రాత పరీక్షలలో బాగా చేసినప్పటికీ సుబ్బారావుకు పూర్తి స్థాయి ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించింది.

ప్రభుత్వ వైద్యసేవలో ప్రవేశం దొరకక, మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడుపుతున్న ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం బోధించాడు. ఈ కాలంలోనే ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే వ్యాధితో మరణించారు. ఉష్ణదేశాలలో కనిపించే ఈ వ్యాధిలో ఎడతెగని విరేచనాలతో పాటు రక్తహీనత కలిగి రోగి క్షీణించిపోతాడు. సుబ్బారావుకు కూడా ఈ జబ్బు సోకిందనీ, లక్ష్మీపతి చేసిన చికిత్సతో కోలుకున్నాడనీ చెబుతారు. అప్పటి పాశ్చాత్య వైద్యంలో దీనికి నమ్మదగిన మందు లేదు. రోగాలకు మందులు కనిపెట్టాలన్న పట్టుదల ఆయనలో బలపడటానికి ఈ దుఃఖమే ముఖ్యకారణం.

అమెరికా ప్రయాణం

కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన హామీతోను, మామగారు సమకూర్చిన సొమ్ముతోను సుబ్బారావు 1920ల తొలినాళ్లలో బోస్టన్ చేరాడు. భార్య గర్భవతిగా స్వదేశంలోనే ఉండిపోయింది. తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే మరణించాడు. తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు. సుబ్బారావు తిరిగి భారతదేశానికి రాలేదు.

హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా చదువుతూ, పొట్టపోసుకోవడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రివేళ పనివాడుగా చేరి రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచాడు. అమెరికాలో వైద్యవృత్తి చేయడానికి అర్హత లేకపోవడంతో పరిశోధన వైపు మొగ్గాడు. హార్వర్డ్ వైద్య కళాశాల జీవరసాయన శాఖకు అప్పట్లో ఆటో ఫోలిన్ అధిపతి. ఆ శాఖలోనే సైరస్ ఫిస్కే వద్ద సుబ్బారావు పరిశోధన ప్రారంభించాడు.

భాస్వర పరిమాణ నిర్ణయ పద్ధతి

నేపథ్యం

రక్తంలోను, మూత్రంలోను ఉన్న పదార్థాలను రంగుల ద్వారా కొలిచే పద్ధతులకు ఫోలిన్ ప్రయోగశాల పేరుపొందింది. కొలవదలచిన పదార్థాన్ని ఏదైనా చర్య ద్వారా రంగుగల పదార్థంగా మార్చి, ఆ రంగు గాఢతను ముందుగా తెలిసిన ద్రావణంతో పోల్చి చూసేవారు. ఇందుకు కలరీమీటర్ అనే సాధనం వాడేవారు. ఆనాటి కలరీమీటర్‌లో పోలిక కంటితోనే జరిగేది. రెండు గాజుపాత్రలలోని ద్రవాల ఎత్తును మార్చుతూ రెండు రంగులు సమానంగా కనిపించే చోట ఆపేవారు. రంగు చిక్కగా ఉన్న ద్రవానికి తక్కువ ఎత్తు చాలుతుంది. ఉదాహరణకు 0.4 మిల్లీగ్రాముల భాస్వరం గల ప్రమాణ ద్రావణాన్ని 20 మిల్లీమీటర్ల ఎత్తులో నిలిపినప్పుడు, అంతే ఘనపరిమాణానికి చేర్చిన పరీక్షా ద్రావణం 16 మిల్లీమీటర్ల వద్ద సమానంగా కనిపిస్తే, అందులోని భాస్వరం 0.4 × 20 ÷ 16 = 0.5 మిల్లీగ్రాములు.

రక్తంలో భాస్వరం ఫాస్ఫేట్ రూపంలో ఉంటుంది. ఆరోగ్యవంతులైన పెద్దవారిలో 100 మిల్లీలీటర్ల రక్తరసిలో అకర్బన భాస్వరం సుమారు 2.5 నుండి 4.5 మిల్లీగ్రాములు మాత్రమే. ఎముకల వ్యాధులలోను, మూత్రపిండాల వ్యాధులలోను ఈ పరిమాణం మారుతుంది. ఇంత స్వల్ప పరిమాణాన్ని కొలవడానికి 1920లో బెల్, డాయిసీ అనువారు, 1922లో బ్రిగ్స్ రంగు పద్ధతులను రూపొందించారు. వీటిలో మొదటిదానిలో రంగు నిలకడగా ఉండేది కాదు. రెండవదానిలో రంగు ఏర్పడటానికి చాలాసేపు పట్టేది. ఈ లోపాలను సరిదిద్దే పనిని సుబ్బారావు చేపట్టాడు.

ఆక్సీకరణ, క్షయకరణ చర్యలు

ఈ పద్ధతిని అర్థం చేసుకోవడానికి ఆక్సీకరణ-క్షయకరణ చర్యల గురించి కొంత తెలియాలి. ఒక పదార్థం ఆక్సిజన్‌తో కలవడాన్ని ఆక్సీకరణమనీ, ఆక్సిజన్‌ను కోల్పోవడాన్ని క్షయకరణమనీ పూర్వం నిర్వచించేవారు. ఎలక్ట్రాన్ల గురించి తెలిసిన తరువాత ఈ నిర్వచనం విస్తరించింది. ఎలక్ట్రాన్లను కోల్పోవడం ఆక్సీకరణం. ఎలక్ట్రాన్లను గ్రహించడం క్షయకరణం. ఒక పదార్థం కోల్పోయిన ఎలక్ట్రాన్లను మరొకటి తీసుకోవాలి కనుక ఈ రెండూ ఎప్పుడూ జంటగానే జరుగుతాయి. ఎలక్ట్రాన్లను ఇచ్చే పదార్థాన్ని క్షయకరణి అని, తీసుకొనే పదార్థాన్ని ఆక్సీకరణి అని అంటారు. అనగా క్షయకరణి తాను ఆక్సీకరణం చెందుతూ ఎదుటిదానిని క్షయకరణం చేస్తుంది. విద్యార్థులు తరచు తడబడేది ఇక్కడే.

మైలుతుత్తం ద్రావణంలో శుభ్రమైన ఇనుప మేకును వేస్తే కొంతసేపటికి మేకుపై ఎర్రని రాగిపూత ఏర్పడుతుంది. ద్రావణపు నీలిరంగు క్రమంగా తగ్గుతుంది. ఇక్కడ ఒక్కొక్క ఇనుము పరమాణువు రెండు ఎలక్ట్రాన్లను కోల్పోయి అయానుగా ద్రావణంలోకి పోతుంది. ఒక్కొక్క రాగి అయాను ఆ రెండు ఎలక్ట్రాన్లను గ్రహించి లోహపు రాగిగా మారుతుంది. ఇనుము క్షయకరణి, రాగి అయాను ఆక్సీకరణి. ఈ చర్యలో క్షయకరణం వల్ల నీలిరంగు పోతుంది. సుబ్బారావు వాడిన చర్యలో క్షయకరణం వల్లనే నీలిరంగు పుడుతుంది.

పద్ధతి పనిచేసే తీరు

ముందుగా ట్రైక్లోరో అసిటిక్ ఆమ్లంతో రక్తంలోని మాంసకృత్తులను అవక్షేపింపజేసి వడపోస్తారు. వడపోసిన ద్రవానికి సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కూడిన అమ్మోనియం మాలిబ్డేట్ కలుపుతారు. ఫాస్ఫేట్, మాలిబ్డేట్ కలిసి ఫాస్ఫోమాలిబ్డిక్ ఆమ్లం ఏర్పడుతుంది. దీనిలో ఒక్కొక్క భాస్వర పరమాణువు చుట్టూ 12 మాలిబ్డినం పరమాణువులు ఉంటాయి. ఈ దశలో మాలిబ్డినం ఆక్సీకరణ స్థితి +6. ఇంతవరకు ఎలక్ట్రాన్ల బదిలీ ఏదీ జరగలేదు.

తరువాత క్షయకరణిని కలుపుతారు. ఫిస్కే, సుబ్బారావు ఇందుకు ఎన్నుకొన్నది అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం. ఇది ఎలక్ట్రాన్లను ఇచ్చి తాను ఆక్సీకరణం చెందుతుంది. ఆ ఎలక్ట్రాన్లు అందుకొన్న కొన్ని మాలిబ్డినం పరమాణువులు +6 నుండి +5 స్థితికి దిగుతాయి. +5, +6 స్థితులలోని పరమాణువులు ఒకే అణువులో పక్కపక్కన ఉన్నప్పుడు ఎలక్ట్రాన్ ఒకదాని నుండి మరొకదానికి మారుతూ ఎరుపు కాంతిని శోషించుకుంటుంది. అందువల్ల ద్రావణం ముదురు నీలంగా కనిపిస్తుంది. ఈ పదార్థానికి మాలిబ్డినం బ్లూ అని పేరు.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటి ఉన్నది. కొలవబడేది భాస్వరమే అయినా క్షయకరణం చెందేది భాస్వరం కాదు. ఫాస్ఫేట్‌లో భాస్వరం ఆక్సీకరణ స్థితి +5. చర్య ముగిసిన తరువాత కూడా +5గానే ఉంటుంది. భాస్వరం మాలిబ్డినం పరమాణువులను తన చుట్టూ చేర్చి, సులభంగా క్షయకరణం చెందే స్థితిలో ఉంచుతుంది. ఫాస్ఫేట్ ఎంత ఉంటే అటువంటి మాలిబ్డినం అంత లభిస్తుంది, నీలిరంగు అంత చిక్కబడుతుంది.

పద్ధతిలోని కష్టమంతా ఈ ఎంపికను కాపాడుకోవడంలోనే ఉన్నది. ఫాస్ఫేట్‌తో కలవని మాలిబ్డేట్ కూడా ద్రావణంలో మిగిలి ఉంటుంది. ఆమ్లం తక్కువైతే అది కూడా క్షయకరణం చెంది, లేని భాస్వరాన్ని ఉన్నట్లు చూపుతుంది. ఆమ్లం మితిమీరితే ఫాస్ఫోమాలిబ్డిక్ ఆమ్లం ఏర్పడటమే కుంటుపడి, ఉన్న భాస్వరం తక్కువగా కనిపిస్తుంది. కనుక ఆమ్లాన్ని కచ్చితమైన హద్దులలో ఉంచాలి. క్షయకరణి కూడా సరైన బలం గలదై ఉండాలి. బలహీనమైతే రంగు ఆలస్యమవుతుంది. మరీ బలమైనదైతే విడి మాలిబ్డేట్‌ను కూడా వదలదు. అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం ఈ రెండింటికి మధ్య తగిన స్థానంలో నిలిచింది. అది గాలిలోని ఆక్సిజన్‌తో ఆక్సీకరణం చెంది చెడిపోకుండా సోడియం సల్ఫైట్, సోడియం బైసల్ఫైట్ లవణాలను తోడుచేస్తారు. రంగు కొద్ది నిమిషాలలోనే ఏర్పడుతుంది.

ఈ వివరాలతో కూడిన పత్రం 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో వెలువడింది. జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా ఉటంకింపబడిన పత్రాలలో ఇది ఒకటి. కొవ్వు పదార్థాలలోని భాస్వరాన్ని కొలవడానికి 1959లో బార్ట్‌లెట్ దీనిని సవరించాడు. తరువాతి కాలంలో ఆసుపత్రులలోని స్వయంచాలక యంత్రాలు ఎక్కువగా క్షయకరణ దశను విడిచిపెట్టి, ఫాస్ఫోమాలిబ్డేట్ అతినీలలోహిత కాంతిని శోషించే పరిమాణాన్ని నేరుగా కొలవడం మొదలుపెట్టాయి. విద్యార్థులకు బోధించడానికి మాత్రం పాత పద్ధతి ఇప్పటికీ ఉపయోగపడుతున్నది.

ఫాస్ఫోక్రియాటిన్ ఆవిష్కరణ

కొత్త పద్ధతిని కండరాల సారానికి వర్తింపజేసినప్పుడు ఒక వింత కనిపించింది. రక్తంతో చేసిన పరీక్షలో రంగు కొద్ది నిమిషాలలో పూర్తి అయి నిలిచిపోయేది. కండరాల సారంలో రంగు నెమ్మదిగా మొదలై చాలాసేపు పెరుగుతూనే ఉండేది. ఇటువంటి సందర్భంలో ఆలస్యాన్ని పద్ధతిలోని లోపంగా భావించి, రంగు నిలిచేవరకు వేచి చూసి, ఆ అంకెను వ్రాసుకోవడం సులభం. ఫిస్కే, సుబ్బారావు ఆ ఆలస్యానికి కారణమేమిటో వెదికారు.

ఎలక్ట్రాన్ల బదిలీ వేగంగా జరిగేదే కనుక, ఆలస్యం అంతకు ముందరి దశలో ఉండాలి. కండరంలోని ఫాస్ఫేట్‌లో అధికభాగం విడిగా లేదు. అది మరొక పదార్థంతో బంధింపబడి ఉన్నది. ఆమ్లం, మాలిబ్డేట్ కలిసినప్పుడు ఆ బంధం మెల్లమెల్లగా తెగుతూ ఫాస్ఫేట్ విడుదలవుతున్నది. విడుదలైనంత మేరకే రంగు పెరుగుతున్నది. ఆ రెండవ పదార్థం క్రియాటిన్ అని తేలింది. సమ్మేళనం విడిపోయినప్పుడు ఫాస్ఫేట్, క్రియాటిన్ సమానమైన అణుసంఖ్యలో వెలువడ్డాయి. ఈ సమ్మేళనమే ఫాస్ఫోక్రియాటిన్. కండరాన్ని ప్రేరేపించి పనిచేయిస్తే ఇది తగ్గుతుందనీ, విశ్రాంతి ఇస్తే తిరిగి ఏర్పడుతుందనీ వారు గమనించారు. ఈ ఫలితాలు 1927లో సైన్స్ పత్రికలో వెలువడ్డాయి. అదే సంవత్సరంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఇటువంటి అస్థిరమైన భాస్వర సమ్మేళనాన్ని కండరంలో స్వతంత్రంగా గుర్తించారు.

అంతకుముందు కండర సంకోచానికి కావలసిన శక్తి లాక్టిక్ ఆమ్లం ఏర్పడటం ద్వారా లభిస్తుందని శాస్త్రవేత్తలు నమ్మేవారు. కండరాలపై చేసిన కృషికి ఆర్కిబాల్డ్ హిల్, ఆటో మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. ఫాస్ఫోక్రియాటిన్ బయటపడిన తరువాత ఈ అభిప్రాయాన్ని పునఃపరిశీలించవలసి వచ్చింది. లాక్టిక్ ఆమ్లం ఏర్పడకుండా నిరోధించినా కండరం కొంతసేపు సంకోచించగలదనీ, ఆ సమయంలో ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చవుతుందనీ 1930లో డెన్మార్కు శాస్త్రవేత్త ఐనార్ లుండ్స్‌గార్డ్ నిరూపించాడు.

ఏటీపీ

1929లో ఫిస్కే, సుబ్బారావు కండరం నుండి అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను, అనగా ఏటీపీని, వేరుచేసినట్లు ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా దీనిని కనుగొన్నాడు. జీవకణాలు శక్తిని ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే నాణెం ఏటీపీయే అన్న భావన ఆ తరువాత క్రమంగా రూపుదిద్దుకున్నది. 1941లో ఫ్రిట్జ్ లిప్‌మన్ దీనిని ఒక సిద్ధాంతంగా వివరించాడు.

ఏటీపీ పుట్టుకలో కూడా ఆక్సీకరణ-క్షయకరణ చర్యలదే ప్రధాన పాత్ర. మనం తిన్న ఆహారం కణాలలో ఆక్సీకరణం చెందుతుంది. దాని నుండి వెలువడిన ఎలక్ట్రాన్లు అనేక మెట్లు దిగి చివరకు మనం పీల్చుకొన్న ఆక్సిజన్‌ను చేరగా నీరు ఏర్పడుతుంది. ఆ దారిలో విడుదలైన శక్తితో ఏటీపీ తయారవుతుంది. ఈ విషయాలు పూర్తిగా తేటపడటానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

హార్వర్డ్ నుండి నిష్క్రమణ

1930లో సుబ్బారావు హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుండి పీహెచ్‌డీ పట్టా పొందాడు. ఆ తరువాత పది సంవత్సరాలు అక్కడే పనిచేసి, కాలేయ సారంలో రక్తహీనతను తగ్గించే పదార్థాల గురించి పరిశోధించాడు. అయినా ఆయనకు స్థిరమైన అధ్యాపక పదవి దక్కలేదు. పద్ధతికి ఇద్దరి పేర్లూ నిలిచినా, పేరుప్రతిష్ఠలు ఎక్కువగా పై అధికారికే దక్కాయి. ఆ రోజులలో అదే ప్రయోగశాలలో పనిచేసి, 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ తరువాతి కాలంలో ఈ విషయాన్ని ప్రస్తావించాడు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాల వివరాలు అప్పట్లో ప్రచురణకు నోచుకోలేదనీ, వాటిని ఇతరులు మళ్ళీ కనుగొనవలసి వచ్చిందనీ ఆయన అభిప్రాయం.

లెడర్లీ ప్రయోగశాలలు

1940లో సుబ్బారావు న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరాడు. ఇది అమెరికన్ సైనమిడ్ సంస్థకు చెందినది. కొద్ది కాలంలోనే పరిశోధనా విభాగానికి డైరెక్టరయ్యాడు. రసాయన శాస్త్రవేత్తలు, జీవశాస్త్రవేత్తలు, వైద్యులు కలిసి పనిచేసే పెద్ద బృందాలను నడపడం ఇక్కడి పని. ఎనిమిది సంవత్సరాలలో ఈ బృందాల నుండి వెలువడిన ముఖ్యమైన ఔషధాలు ఇవి.

ఫోలిక్ ఆమ్లం: గర్భిణులలో వచ్చే ఒక రకపు రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతుందని 1931లో బొంబాయిలో పరిశోధన చేసిన లూసీ విల్స్ తెలిపింది. అందులోని మూలపదార్థమైన ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినట్లు 1945లో లెడర్లీ బృందం ప్రకటించింది. అమెరికా వైద్యుడు టామ్ స్పైస్ దీనిని స్ప్రూ రోగులకు ఇవ్వగా వారి రక్తహీనత తగ్గి కోలుకున్నారు. సుబ్బారావు సోదరులను బలిగొన్న వ్యాధికి ఈ విధంగా ఒక మందు దొరికింది.

అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్: ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటూ దాని పనిని అడ్డుకొనే పదార్థాలను కూడా ఇదే బృందం తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినాప్టెరిన్‌ను రక్తపు క్యాన్సర్ సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గింది. ఈ ఫలితాలు 1948 జూన్‌లో ప్రచురితమయ్యాయి. క్యాన్సర్‌కు మందులతో చేసే చికిత్సలో ఇది ఒక మైలురాయి. తరువాత అమినాప్టెరిన్ స్థానంలోకి మెథోట్రెక్సేట్ వచ్చింది. దీనిని క్యాన్సర్‌కే కాక కీళ్ళవాతానికి కూడా వాడుతున్నారు. ఈ మందులు పనిచేసే తీరు సుబ్బారావు మరణానంతరం తెలిసింది. ఫోలిక్ ఆమ్లం కణంలో ఉపయోగపడాలంటే ముందు క్షయకరణం చెందాలి. ఆ క్షయకరణాన్ని జరిపే ఎంజైమును మెథోట్రెక్సేట్ పట్టి నిలుపుతుంది. అప్పుడు వేగంగా విభజన చెందే కణాలకు డీఎన్ఏ తయారీకి కావలసిన సరుకు అందదు. 1925లో ఒక క్షయకరణ చర్యను సరిగా జరిపించడంతో మొదలైన ఆయన కృషి, చివరి సంవత్సరాలలో మరొక క్షయకరణ చర్యను ఆపే మందు దాకా సాగింది.

హెట్రజాన్: డైఇథైల్ కార్బమజైన్ అనే ఈ మందు 1947లో వెలువడింది. ఇది బోదకాలుకు కారణమైన ఫైలేరియా క్రిములపై పనిచేస్తుంది. గోదావరి ప్రాంతంతో సహా తెలుగు నేలపై బోదకాలు చిరకాలంగా పీడించిన వ్యాధి. ప్రభుత్వాలు చేపట్టిన ఫైలేరియా నిర్మూలన కార్యక్రమాలలో ప్రజలకు పంచే మాత్రలలో ఇది ఒకటి.

ఆరియోమైసిన్: సుబ్బారావు ప్రోత్సాహంతో వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ మట్టి నమూనాలను పరిశీలించి, 1945లో బంగారు రంగు గల ఒక సూక్ష్మజీవి నుండి ఈ మందును కనుగొన్నాడు. 1948లో లోకానికి వెల్లడైన ఈ ఔషధం టెట్రాసైక్లిన్ జాతికి మొదటిది. ఈ జాతి మందులే 1994లో సూరత్‌లో ప్లేగు వ్యాపించినప్పుడు విరివిగా వాడారు.

వ్యక్తిగత జీవితం, మరణం

సుబ్బారావు ప్రచారానికి దూరంగా ఉండేవాడు. లెడర్లీలో వెలువడిన ఆవిష్కరణల ఘనతను సహచరులకే వదిలివేసేవాడు. అమెరికాలో ఆయన చాలాకాలం పరదేశిగానే గడిపాడు. అక్కడి సుప్రీంకోర్టు 1923లో ఇచ్చిన ఒక తీర్పు ప్రకారం భారతీయులు ఆ దేశ పౌరసత్వానికి అనర్హులు. 1946లో చట్టం మారి అవకాశం వచ్చినప్పటికీ ఆయన అమెరికా పౌరుడు కాలేదు. స్వదేశం నుండి అప్పుడే వచ్చేస్తానని తెలిపి బయలుదేరిన భర్త కోసం శేషగిరి జీవితాంతం ఎదురుచూసింది.

1948 ఆగస్టు 8న న్యూయార్కు ప్రాంతంలోని తన నివాసంలో నిద్రలోనే గుండెపోటుతో సుబ్బారావు మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. భారతదేశం స్వతంత్రమై ఏడాది నిండలేదు. ఫార్బర్ ఫలితాలు ప్రచురితమై రెండు నెలలే అయింది. ఆరియోమైసిన్ ఇంకా మందుల దుకాణాలకు చేరలేదు.

గుర్తింపు

జీవించి ఉండగా సుబ్బారావుకు చెప్పుకోదగిన పురస్కారాలు లభించలేదు. నోబెల్ బహుమతి కూడా రాలేదు. 1953లో ఒక శిలీంధ్ర ప్రజాతికి ఆయన గౌరవార్థం సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. 1995లో ఆయన శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ స్మారక తపాలాబిళ్ళను విడుదల చేసింది.

జీవరసాయన ప్రయోగశాలలలో ఆయన పేరు ఒక పద్ధతి పేరులో భాగమై నిలిచింది. పరీక్షనాళికలోని రంగులేని ద్రవానికి క్షయకరణిని చేర్చి నీలిరంగు కోసం ఎదురుచూసే విద్యార్థి, ఆ రంగు ఎలక్ట్రాన్ల బదిలీ వల్ల వచ్చిందని ఈ ప్రయోగం ద్వారా నేర్చుకుంటాడు. రంగు ఆలస్యమైతే దానికి కూడా కారణం ఉంటుందన్నది 1927లో సుబ్బారావు కృషి తెలిపిన విషయం.